మూడో పిన్ను వెనక ఏముంది?

"అన్నా, గీ పిన్ను మన బోర్డుల పడ్తలేదే. జర ఏదన్న ఉంటె ఇయ్యి."

కాగజ్‌నగర్ బజారులో కరెంటు సామాన్ల దుకాణం దగ్గర కాసేపు నిలబడండి, ఇలాంటి మాట ఒకటి చెవిన పడుతుంది. అడిగే మనిషి దుబాయ్ నుంచో దోహా నుంచో సెలవు మీద వచ్చినవాడై ఉంటాడు. చేతిలో ఏ ఇస్త్రీ పెట్టో, కెటిలో. దాని వైరు చివర పలకల్లాంటి మూడు ఇత్తడి పిన్నులు. దుకాణదారు తల ఎత్తకుండానే డబ్బాలోంచి ఒక తెల్లటి కన్వర్షన్ ప్లగ్గు తీసి కౌంటరు మీద పెడతాడు. "గిది పెట్టు, అయిపాయె."

పిన్ను బోర్డులో పడుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, కథ అయిపోయినట్టే ఉంటుంది. నిజానికి ఆ తెల్లటి ముక్క తీర్చింది ఆకారం తగాదా ఒక్కటే. మన కరెంటు వోల్టేజీ ఆ వస్తువుకు పడుతుందా? ఆ మూడో పిన్ను గోడ వెనక నిజంగా భూమి దాకా పోతోందా? ఈ రెండూ అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లు లేరు. నేను ఈ వ్యాసం మొదలుపెట్టింది ఆ రెండింటి కోసమే. అయితే ముందు ఆకారాల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అందులో మన చరిత్ర కూడా కొంత ఇరుక్కుని ఉంది.

మన కాగజ్‌నగర్‌కు ఆ పేరు కాగితం మిల్లుతో వచ్చింది. 1938లో నిజాం రాజ్యంలో సిర్పూర్ పేపర్ మిల్స్ పెట్టి, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టారు. అంతకుముందు ఇది కొత్తపేట. నా చిన్నతనంలో ఇక్కడి పాత ఇళ్లలో చూసిన వైరింగు ఇప్పటికీ కళ్లముందు ఉంది. గోడ మీద చెక్క పట్టీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన వైర్లు, చివర నల్లటి బేకలైటు సాకెట్టు. దానికి మూడు గుండ్రటి రంధ్రాలు, పైన పెద్దది, కింద రెండు చిన్నవి. ఇప్పుడు గోడలో దాగిన వైర్లు, తెల్లగా మెరిసే మాడ్యులర్ బోర్డులు వచ్చాయి గానీ ఆ మూడు రంధ్రాల ముఖం మాత్రం మారలేదు.

ఆ ముఖం ఇంగ్లండుది. 1934లో బ్రిటిష్ వాళ్లు బీఎస్ 546 అనే ప్రమాణం ప్రకటించారు. అందులో 2, 5, 15, 30 యాంపియర్లకు నాలుగు సైజుల ప్లగ్గులున్నాయి. వాటిలో 5, 15 మన ఇళ్లలో నిలిచాయి. ప్రపంచ ప్లగ్గులకు ఏ నుంచి ఓ దాకా అక్షరాలు పెట్టిన పట్టికలో ఐదుది డీ రకం, పదిహేనుది ఎమ్ రకం. ఇప్పుడు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1293 వాటిని 6, 16 యాంపియర్లు అంటోంది. దుకాణంలో మాత్రం ఇప్పటికీ "ఫైవ్ యాంప్సా, ఫిఫ్టీనా?" అనే అడుగుతారు. ఇంట్లో ఆడవాళ్ల మాటల్లో పెద్దది ఎప్పటికీ "పవర్ ప్లగ్గే".

ఈ లైటు, పవరు తేడా మనకొక్కరికే ఉందనుకోకండి. ఇటలీలోనూ రెండు సైజులున్నాయి, 10 యాంపియర్లది ఒకటి, 16ది ఒకటి. అక్కడ ఒకప్పుడు దీపాలకు వాడే కరెంటుకు ఒక రేటు, పనిముట్లకు వాడే కరెంటుకు ఇంకో రేటు. ఒకదాని ప్లగ్గు ఇంకోదాంట్లో పట్టకుండా సైజులు మార్చారు. రేట్ల తేడా ఎప్పుడో పోయింది, రంధ్రాల తేడా మిగిలింది. గోడలో ఒకసారి దిగినది అంత తేలిగ్గా బయటికి రాదు.

మన ప్లగ్గునే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కింది రెండు పిన్నుల్లో ఒకటి ఫేజ్, ఒకటి న్యూట్రల్. సాకెట్టుకు ఎదురుగా నిలబడితే కుడివైపు రంధ్రంలో ఫేజ్ రావాలి, ఎడమవైపు న్యూట్రల్. పైన ఉన్న లావుపాటిది ఎర్త్. ఆరు యాంపియర్ల ప్లగ్గులో కింది పిన్నుల లావు 5.1 మిల్లీమీటర్లు, ఎర్త్ పిన్నుది 7.1. పదహారు యాంపియర్ల దాంట్లో కిందివి 7.1, ఎర్త్ 8.7.

ఎర్త్ పిన్ను ఎందుకు లావు? పోటీ పరీక్షల పుస్తకాల్లో "నిరోధం తగ్గడానికి" అని ఒక జవాబు తిరుగుతూ ఉంటుంది. ఇత్తడి పిన్ను ఆ కాస్త పొడవులో రెండు మిల్లీమీటర్ల లావు తెచ్చే నిరోధం తేడా లెక్కలోకి రానిది. అసలు సంగతి చాలా మామూలుది. ఎంత బలంగా తోసినా ఎర్త్ పిన్ను ఫేజ్ రంధ్రంలో దూరకూడదు, అంతే. ఇక పొడవు ఎందుకంటారా, ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలి, పీకేటప్పుడు అన్నిటికంటే చివర విడవాలి. అంటే వస్తువులోకి కరెంటు వెళ్లే క్షణానికే దానికి రక్షణ కుదిరి ఉండాలి. మంచి సాకెట్లలో ఈ పొడుగు పిన్ను ఇంకో పని కూడా చేస్తుంది. లోపల ఉన్న చిన్న తలుపును పక్కకు నెట్టి కింది రంధ్రాలు తెరుస్తుంది. పిల్లలు మేకులు గుచ్చకుండా ఆ తలుపు.

ఇప్పుడు గల్ఫ్ ప్లగ్గు దగ్గరికి వద్దాం. అదీ ఇంగ్లండుదే, కాకపోతే మనది వాళ్ల పాత అంగీ, అది కొత్త అంగీ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లక్షల ఇళ్లు కట్టుకోవాల్సి వచ్చింది, రాగికి కరువు. ప్రతి సాకెట్టుకూ మెయిన్ నుంచి విడిగా వైరు లాగకుండా, ఒకే వైరును ఇల్లంతా తిప్పి మళ్లీ మెయిన్‌కే కలిపే పద్ధతి తెచ్చారు. దాన్ని రింగు సర్క్యూట్ అంటారు. రాగి మిగిలింది గానీ కొత్త చిక్కు వచ్చింది. ఆ రింగుకు మెయిన్‌లో ఉండేది 30 యాంపియర్ల ఫ్యూజు. టేబుల్ ల్యాంపు సన్న వైరు షార్టయితే ఆ పెద్ద ఫ్యూజు పోయేలోపు వైరే కాలిపోతుంది. అందుకని ప్రతి ప్లగ్గు కడుపులోనే ఒక చిన్న ఫ్యూజు పెట్టారు, ల్యాంపులాంటి వాటికి 3 యాంపియర్లది, హీటరులాంటి వాటికి 13ది. 1947లో బీఎస్ 1363గా అది వెలువడింది. ఈ పద్ధతిని తేల్చిన కమిటీలో కూర్చున్న ఒకే ఒక మహిళ కరోలిన్ హాస్లెట్. ఇళ్లలో స్త్రీలకు కరెంటు వాడకం నేర్పే సంఘాన్ని నడిపిన ఇంజనీరు. పసిపిల్లల వేళ్లకు అందకుండా రంధ్రాలకు తలుపులుండాలన్న పట్టుదల ఆ సాకెట్టులో కనిపిస్తుంది.

సంవత్సరం గమనించారా? 1947. ఆ ఏడు వాళ్లు మనల్నీ విడిచారు, మన చేతిలో ఉన్న ప్లగ్గునూ విడిచారు. గుండ్రటి పిన్నులు ఇక్కడ ఉండిపోయాయి. బ్రిటిష్ ప్రభావం ఆ తర్వాత కూడా ఉన్న దుబాయ్, దోహా, కువైట్, మస్కట్, బహ్రెయిన్‌లలో పలకల పిన్నులు స్థిరపడ్డాయి. సింగపూర్, మలేషియా, హాంకాంగ్‌లలోనూ అవే. శ్రీలంక మనలాగే గుండ్రటి పిన్నులతో చాలాకాలం నడిచి, 2017లో పలకల పిన్నుకు మారుతున్నట్టు ప్రకటించింది.

షార్జాలో పనిచేసి వచ్చిన మా బావ ఒకసారి చెప్పాడు. గదిలో పదిమంది, రెండే సాకెట్లు, అందరి దగ్గరా ఊరి నుంచి తెచ్చిన టూపిన్ చార్జర్లు. మూడో పిన్ను లేకపోతే ఆ సాకెట్టు తలుపు తెరవదు. "పెన్ను క్యాపు మీది రంధ్రంల గుచ్చుతె చాలు, కింద తెర్సుకుంటది బావా" అని నవ్వుతూ చెప్పాడు. హాస్లెట్ పసిపిల్లల కోసం పెట్టించిన తలుపును మన పెద్దపిల్లలు అలా తెరిచారన్నమాట. నవ్వొచ్చే మాటే గానీ అందులో రెండు ప్రమాదాలున్నాయి. గుండ్రటి సన్న పిన్నుకు పలకల రంధ్రంలో పట్టు దొరకదు, వదులుగా ఉన్నచోట నిప్పురవ్వలు పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. చార్జరు చిన్న వస్తువు కాబట్టి బతికిపోతాం. అదే పని ఇస్త్రీ పెట్టెతో చేస్తే మూడో పిన్ను లేని ఇనుప పెట్టె చేతిలో ఉన్నట్టే.

ఆకారం నుంచి వోల్టేజీకి వస్తే, దుబాయ్, దోహా సామాను మన దగ్గర పెద్దగా ఇబ్బంది పెట్టదు. అక్కడా ఇంచుమించు 220 నుంచి 240 వోల్టులు, 50 హెర్ట్జ్. మన 230కి దగ్గరే. తంటా తెచ్చేది సౌదీ, అమెరికా.

సౌదీలో చాలాకాలం ఇళ్లకు 127 వోల్టుల కరెంటు వచ్చింది, 60 హెర్ట్జ్. ఏసీల్లాంటి వాటికి అదే ఇంట్లో 220 కూడా ఉండేది. 2010లో అక్కడి ప్రభుత్వం 230 వోల్టులకు మారాలని నిర్ణయించింది, మార్పు మెల్లగా సాగింది. అందుకని అదే దేశం నుంచి వేర్వేరు కాలాల్లో వచ్చిన సామాను వేర్వేరు వోల్టులది కావచ్చు. నా చిన్నప్పుడు మా ఇంటికి అలా ఒక టేప్‌రికార్డరు వచ్చింది. వీధి వీధంతా చూడటానికి కూర్చుంది. వెనకవైపు 110, 220 అని ఒక చిన్న మీట ఉంటుందని, అది 110 దగ్గర ఉందని ఎవరూ చూడలేదు. స్విచ్చు వేశాం. పాట రాలేదు, పొగ వచ్చింది. తప్పు యంత్రానిది కాదు, మాదే.

దీని వెనక లెక్క తెలిస్తే మళ్లీ మర్చిపోరు. హీటరులాంటి వస్తువుకు వోల్టేజీ రెట్టింపయితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 120 వోల్టులకు చేసిన 1000 వాట్ల అమెరికా ఇస్త్రీ పెట్టెను మన 230కి తగిలిస్తే అది 3,600 వాట్లు దాటి లాగబోతుంది. నిమిషాల్లో పోతుంది. తిరగేసి, మన వెయ్యి వాట్ల హీటరు రాడ్డును అమెరికా తీసుకెళ్తే అక్కడ 270 వాట్లే ఇస్తుంది. బకెట్టు నీళ్లు కాగేలోపు స్నానం వేళ దాటిపోతుంది. కన్వర్షన్ ప్లగ్గుకు ఈ లెక్కతో పని లేదు, అది పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప ఒక్క వోల్టు కూడా తగ్గించదు, పెంచదు. వోల్టులు మార్చేది ట్రాన్స్‌ఫార్మరు. అది చేతికి బరువుగా ఉంటుంది, అదే దాని గుర్తు.

కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి అమెరికా చదువులకు వెళ్లే పిల్లల సూట్‌కేసులో మిక్సీ పెట్టాలా వద్దా అన్నది ప్రతి ఇంట్లో జరిగే చర్చ. మోటారుతో నడిచేది ఏదైనా సరే, ఇక్కడ వాడే మిక్సీని అక్కడికి పంపకండి. 120 వోల్టుల మీద అది మూలుగుతుంది గానీ అల్లం కూడా నలగదు. మన కంపెనీలే అమెరికా వాళ్ల కోసం 110 వోల్టుల మిక్సీలు, వెట్ గ్రైండర్లు చేస్తున్నాయి. అట్టపెట్టె మీద చూసి కొనండి, అది మాత్రం పొరపాటున కూడా ఇక్కడ ఆన్ చేసి పరీక్షించకండి. ఫోను, లాప్‌టాప్ చార్జర్ల గురించి బెంగ అక్కర్లేదు. వాటి వీపున సన్నటి అక్షరాల్లో "ఇన్‌పుట్ 100–240, 50/60" అని ఉంటే భూగోళంలో ఎక్కడైనా నడుస్తాయి. లాప్‌టాప్ చార్జరుకు ఇంకో సుఖం ఉంది. గోడలో పెట్టే చివర దేశానికొక తీరుగా ఉన్నా, చార్జరు డబ్బాలో దూరే చివర ప్రపంచమంతా కొన్ని రకాలే. అక్కడికి వెళ్లాక ఆ వైరు ముక్క ఒక్కటి కొనుక్కుంటే చాలు.

అమెరికా ప్లగ్గు రెండు సన్నటి రేకులు. దాని పుట్టుక తెలుసుకుంటే మన హోల్డరు పిన్ను గుర్తొస్తుంది. తొలిరోజుల్లో ఇళ్లకు కరెంటు వచ్చింది దీపం కోసమే, గోడలో సాకెట్టు అనేదే లేదు. బల్బు తీసి ఆ హోల్డరులోనే ఇస్త్రీ పెట్టె వైరు తిప్పేవాళ్లు. 1904లో హార్వీ హబ్బెల్ అనే ఆయన హోల్డరులో బిగించే ముక్క ఒకటి, దాన్నుంచి ఊడివచ్చే ముక్క ఒకటి చేసి పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్లలోనూ బల్బు పీకి, ఆ హోల్డరులో పిన్ను పెట్టి రేడియో వినిపించిన తరం ఇంకా ఉంది. అమెరికా రేకుల్లో ఒకటి కొంచెం వెడల్పు, తిరగేసి పెట్టకుండా. ఎర్త్ ఉన్నదానికి కింద గుండ్రటి మూడో పిన్ను ఉంటుంది. వోల్టులు తక్కువ కాబట్టి షాకు తీవ్రత కొంత తక్కువే, కానీ అదే పనికి యాంపియర్లు ఎక్కువ కావాలి. పదిహేను యాంపియర్ల అమెరికా సాకెట్టు ఎంత లాగినా 1,800 వాట్లే. పదమూడు యాంపియర్ల బ్రిటిష్ సాకెట్టు మూడు వేల దాకా, మన పదహారుది 3,680 దాకా ఇస్తుంది. లండన్‌లో చాయ్ నీళ్లు డల్లాస్‌లో కంటే ముందు కాగేది అందుకే.

జపాన్‌లో 100 వోల్టులు. ఆ చిన్న దేశంలోనే తూర్పున 50 హెర్ట్జ్, పడమట 60. టోక్యో మొదట జర్మనీ జనరేటర్లు కొన్నది, ఒసాకా అమెరికావి కొన్నది. నూరేళ్లు దాటినా ఆ గీత అలాగే ఉంది.

యూరప్‌ది వేరే దారి. జర్మనీ షుకో ప్లగ్గుకు 1926లో ఆల్బర్ట్ బుట్నర్ పేటెంటు తీసుకున్నాడు. రెండే గుండ్రటి పిన్నులు, పక్కల మీద ఎర్త్ కోసం రెండు రేకులు, సాకెట్టు గిన్నెలా లోతుగా ఉంటుంది. పిన్నుకు కరెంటు అందేసరికి అది పూర్తిగా గిన్నెలో మునిగిపోతుంది, వేలు తగిలే సందు ఉండదు. నన్నడిగితే ఇంతకంటే పొందికైన ఆకారం ఇంకోటి లేదు. కానీ ఆ ప్లగ్గు మన ఇంటికి వస్తే మోసం చేస్తుంది. మన అయిదు రంధ్రాల సాకెట్టులో పైనున్న రెండు రంధ్రాల్లో దాని పిన్నులు దూరిపోతాయి, వస్తువు నడుస్తుంది, పక్కనున్న ఎర్త్ రేకులకు మాత్రం ఏమీ తగలదు. కన్వర్షన్ ప్లగ్గు కూడా అక్కర్లేకుండా పట్టింది కదా అని మనం మురిసిపోతాం. ఫ్రాన్సులో ఎర్త్ పిన్ను ప్లగ్గుకు కాక సాకెట్టుకు ఉంటుంది, బయటికి పొడుచుకుని. డెన్మార్క్ సాకెట్టు నవ్వే ముఖంలా కనిపిస్తుంది. ఆస్ట్రేలియావి ఏటవాలు రేకులు.

మరి అందరూ కూర్చుని ఒకటి తేల్చుకోవచ్చు కదా? తేల్చారు కూడా. 1906లో పుట్టిన అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం, ఐఈసీ, 1986లో ప్రపంచమంతటికీ ఒక ప్లగ్గు గీసి ఇచ్చింది. దాన్ని నిజంగా తలకెత్తుకున్నవి బ్రెజిల్, దక్షిణాఫ్రికా. మిగిలినవాళ్లు చూసి ఊరుకున్నారు. తప్పుపట్టలేం. ఒక్క కాగజ్‌నగర్‌లోనే ఇంటికి పది సాకెట్ల లెక్కన ఎన్ని మార్చాలి, ఎన్ని మిక్సీల, ఎన్ని టీవీల వైర్లు కోయాలి? మధ్యలో నడిచే ఏళ్లలో రెండు రకాలూ కలిసి ఉంటాయి, ప్రతి ఇంట్లో కన్వర్షన్ ప్లగ్గులు వేలాడతాయి. ఆ గందరగోళమే పెద్ద ప్రమాదం. ఫోను చార్జరు విషయంలో యూరప్ 2024 డిసెంబరు 28 నుంచి అందరికీ సీ రకం యూఎస్‌బీ తప్పనిసరి చేయగలిగింది. ఫోను మూడేళ్లకు మారుతుంది. గోడ మారదు.

కాబట్టి మనకు ఈ గుండ్రటి పిన్నులే శాశ్వతం అనుకోవడం మంచిది. అదేమీ చెడ్డ ప్లగ్గు కాదు. తొంభై ఏళ్లనాటి ఆలోచన అయినా గట్టిది. దాన్ని చెడగొట్టింది మనమే, ఎలాగో చెబుతాను.

మొదటిది కాంబో సాకెట్టు. ఆరు, పదహారు రెండూ పట్టాలని, యూరప్ సన్న పిన్ను కూడా పట్టాలని రంధ్రాలను విశాలం చేస్తూ పోయాం. నాసిరకం దాంట్లో ఏదీ గట్టిగా పట్టదు. యూరప్ చార్జరు పిన్ను 4 మిల్లీమీటర్లు, మన పవర్ పిన్ను 7.1, రెండింటినీ ఒకే స్ప్రింగు పట్టుకోవాలంటే అది మంచి ఇత్తడిదై ఉండాలి. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 1293 అన్న అంకె చూడండి. రెండు వేల వాట్ల ఇండక్షన్ పొయ్యి తొమ్మిది యాంపియర్ల దాకా లాగుతుంది. దాన్ని ఆరు యాంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే బాక్సు గోధుమరంగుకు తిరగడం మీరే చూస్తారు.

రెండోది అగ్గిపుల్ల. ప్లగ్గు ఊడిపోతే వైరు చివర్లు తోలు తీసి, రంధ్రాల్లో పెట్టి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించడం మనకు వెన్నతో పెట్టిన విద్య. పెళ్లి పందిళ్లలో, వినాయకుడి మండపాల్లో చూడండి. మూడో వైరు ఆకుపచ్చగా పక్కన వేలాడుతూ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ ఆకుపచ్చ వైరు విలువ ఎండాకాలంలో తెలుస్తుంది. మన దగ్గర ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. ఏసీ పెట్టుకోలేని ఇంట్లో ఉండేది రేకు కూలరు. ఒక్కసారి దాని గురించి ఆలోచించి చూడండి. ఇనుప రేకు డబ్బా, అడుగున నీళ్లు, నీళ్లలో మోటారు, తడి గడ్డి, కింద తడి నేల, మీద చెమట చేతులు. కరెంటు మనిషిని చంపడానికి ఏమేం కావాలో అన్నీ ఒకచోట పెట్టినట్టు ఉంటుంది. లోపల పంపు వైరు ఎక్కడో తోలు ఊడి రేకుకు తగిలిందనుకోండి. ఎర్త్ లేకపోతే ఆ డబ్బా మొత్తం 230 వోల్టులతో నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి చల్లగానే వస్తుంది. నీళ్లు పోయడానికి వెళ్లిన మనిషి చేయి తగిలినప్పుడు అతని ఒంటి గుండా కరెంటు భూమిలోకి దారి వెతుక్కుంటుంది. ఏటా ఏప్రిల్, మే నెలల పేపర్లలో జిల్లా పేజీ తిరగేస్తే ఈ వార్త చదవని సంవత్సరం నాకు గుర్తు లేదు.

ఎర్త్ ఉంటే జరిగేది వేరు. రేకుకు ఫేజ్ తగిలిన క్షణమే కరెంటు ఆకుపచ్చ వైరు గుండా భూమిలోకి పరుగెత్తుతుంది, మెయిన్ బోర్డులోని ఎంసీబీ స్విచ్చు పడిపోతుంది. అయితే ఇది జరగాలంటే ఇంటి బయట ఉన్న ఎర్తింగ్ గుంత పనిచేయాలి. ఇల్లు కట్టినప్పుడు గొయ్యి తవ్వి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చారు. ఆ తర్వాత దాని మీద తులసికోట కట్టారో, బైకు పెడుతున్నారో. ఉప్పుకూ బొగ్గుకూ పని తేమను పట్టి ఉంచడం. తేమ ఉండి, మొత్తం దారి నిరోధం 5 ఓములు ఉంటే, 230ని అయిదుతో భాగించండి, 46 యాంపియర్లు పోతుంది, పదహారు యాంపియర్ల ఎంసీబీ పడుతుంది. గుంత ఎండిపోయి నిరోధం 100 ఓములకు పెరిగితే పోయేది 2.3 యాంపియర్లే. ఆ మాత్రానికి ఏ ఎంసీబీ కదలదు, డబ్బా షాకు కొడుతూనే ఉంటుంది. విచిత్రం చూడండి, కూలరు ఎక్కువగా వాడే నెలల్లోనే గుంత బాగా ఎండుతుంది.

ఇంతకంటే చెడ్డది ఇంకోటుంది. గుంత తవ్వకుండానే, సాకెట్టు వెనక న్యూట్రల్ రంధ్రం నుంచి ఎర్త్ రంధ్రానికి చిన్న వైరు ముక్క కలిపేస్తారు కొందరు. టెస్ట్ బల్బు పెట్టి చూస్తే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య చక్కగా వెలుగుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఏదో ఒకరోజు బయట న్యూట్రల్ వైరు తెగితే, ఇంట్లో నడుస్తున్న బల్బు గుండా ఫేజ్ వెనక్కి వచ్చి అదే ముక్క మీదుగా ఫ్రిజ్జు, కూలరు, వాషింగ్ మెషీను ఒంటికి ఎక్కుతుంది. రక్షించాల్సిన పిన్నే షాకు మోసుకొస్తుంది. అందుకే బల్బు వెలిగిందా అని అడిగితే చాలదు. బోర్డు విప్పించి, ఎర్త్ రంధ్రానికి విడిగా ఆకుపచ్చ వైరు వచ్చిందా, అది మెయిన్ దాకా, అక్కడి నుంచి గుంత దాకా పోయిందా అని కంటితో చూడాలి.

అన్నిటికీ మూడో పిన్ను ఉండి తీరాలని కాదు. వస్తువు మీద పెద్ద చదరంలో చిన్న చదరం గీసిన గుర్తు ఉంటే దానికి లోపల రెండు పొరల రక్షణ ఉందని అర్థం, దానికి టూపిన్ చాలు. రేకు ఒళ్లున్న దేనికైనా, కూలరుకు, ఫ్రిజ్జుకు, గీజరుకు, ఇస్త్రీ పెట్టెకు, మూడూ కావాల్సిందే. ఇంకో రక్షణ మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు మధ్య 30 మిల్లీయాంపియర్ల తేడా వస్తే అది రెప్పపాటులో ఆపేస్తుంది. ఎండిన గుంత చేయలేని పని అది చేస్తుంది. ఖరీదు ఒక మామూలు ఫోను కంటే చాలా తక్కువ.

దుబాయ్ నుంచి తెచ్చిన కెటిలుకు కన్వర్షన్ ప్లగ్గు కొన్న ఆ తమ్ముడికి నేను చెప్పేది కూడా ఇదే. ఆ తెల్లటి ముక్కలో మూడో పిన్ను ఇత్తడిదా, వట్టి ప్లాస్టిక్‌దా చూడు. కొన్నింటిలో అది ఆకారానికే ఉంటుంది. ఇత్తడిదైతే, దాని వెనక గోడలో ఏముందో చూపించుకో. ఇల్లు వదిలి ఏళ్ల తరబడి దూరంగా ఉండి, ఇంటికి ఏసీ, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను ఒక్కొక్కటే అమర్చినవాడివి నువ్వు. ఈసారి సెలవులో ఒక రోజు ఆ గుంతకు ఇవ్వు.

మీరూ అంతే. కూలరు కిందికి దించే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బోర్డు విప్పించండి. ఎర్తింగ్ గుంత ఎక్కడుందో కనుక్కుని, మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. కూలరులో నీళ్లు నింపేటప్పుడు స్విచ్చు ఆపి ఊరుకోకండి, వైరింగు తప్పుగా ఉంటే స్విచ్చు ఆపినా ఫేజ్ లోపలే ఉంటుంది. ప్లగ్గు పూర్తిగా పీకండి, ఆ తర్వాతే డబ్బా మీద చేయి వేయండి.